టర్కీ వేటకు రెడ్ డాట్ మేలా, స్కోప్ మేలా?

అమెరికాలో వసంతం వచ్చిందంటే టర్కీ వేట సీజన్ మొదలైనట్టే. రాష్ట్రాన్ని బట్టి మార్చి నుంచి మే చివరి దాకా ఇది నడుస్తుంది. డాలస్, హ్యూస్టన్, అట్లాంటా, చికాగో చుట్టుపక్కల స్థిరపడిన మన కుటుంబాల్లో పిల్లలు స్కూలు స్నేహితుల ద్వారా, పెద్దలు ఆఫీసులో తోటివారి ద్వారా ఈ వేట గురించి వింటూనే ఉంటారు. కొందరు లైసెన్స్ తీసుకుని అడవికి వెళ్తారు కూడా. అలా వెళ్లాలనుకునేవారికి షాపులో మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: గురి చూడటానికి తుపాకీ మీద రెడ్ డాట్ పెట్టించాలా, స్కోప్ పెట్టించాలా?

చూడటానికి ఇది సామాను ఎంపిక మాత్రమే. కానీ గురి ఒక అరచేయి వెడల్పు తప్పినా పక్షి గాయంతో పొదల్లోకి పోయి రోజుల తరబడి బాధపడి చస్తుంది. గురి అద్దంలో తల దూర్చి పక్కన ఏముందో చూడకపోతే మనిషికే దెబ్బ తగలొచ్చు. అందుకే రెండింటి పనితీరు, లాభనష్టాలు తెలుసుకున్నాకే డబ్బు పెట్టడం మంచిది.

ఇది ఎలాంటి వేట?

టర్కీ కోడిని మన దగ్గర ఫారాల్లో పెంచుతారు. ఉర్దూలో దీన్ని ఫీల్‌ముర్గ్ అంటారు. దీని పుట్టిల్లు ఉత్తర అమెరికా. అక్కడ ఇప్పటికీ అడవి టర్కీలు గుంపులుగా తిరుగుతాయి. తూర్పు రాష్ట్రాల్లో ఈస్టర్న్, ఫ్లోరిడాలో ఒసియోలా, టెక్సస్ ప్రాంతంలో రియో గ్రాండే, పడమటి కొండల్లో మెరియమ్స్ అనే ఉపజాతులు కనిపిస్తాయి. గూల్డ్స్ అనే మరో ఉపజాతి మెక్సికో సరిహద్దు ప్రాంతాల్లో ఉంటుంది. అడవుల నరికివేత, అడ్డూఅదుపూ లేని వేట వల్ల 20వ శతాబ్దం మొదట్లో ఈ పక్షి చాలా రాష్ట్రాల్లో దాదాపు కనుమరుగైంది. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్నును వన్యప్రాణుల సంరక్షణకు మళ్లించింది. పట్టి తెచ్చిన పక్షులను కొత్త అడవుల్లో వదిలారు. ఇప్పుడు వాటి సంఖ్య లక్షల్లో ఉంది. కాబట్టే పరిమితంగా, లైసెన్సుతో, లెక్క ప్రకారం వేటకు అనుమతి ఇస్తున్నారు.

వసంతంలో వేటాడేది ప్రధానంగా మగ పక్షినే. వేటగాడు ఒంటినిండా ఆకుల రంగు బట్టలు వేసుకుని, చెట్టు మొదలుకు వీపు ఆనించి కూర్చుంటాడు. చిన్న పెట్టెతోనో, పలకతోనో ఆడ పక్షి కూతను అనుకరిస్తాడు. మగ టర్కీ ఆ కూత వెతుక్కుంటూ దగ్గరికి వస్తుంది. దాని చూపు చాలా చురుకు. రంగులు బాగా పసిగడుతుంది, తల కొంచెం తిప్పితే చుట్టూ కనిపిస్తుంది. మనిషి చెయ్యి కదిపినా పారిపోతుంది.

వాడేది ఎక్కువగా షాట్‌గన్. అందులోంచి ఒకే గుండు కాకుండా వందల ఛర్రాలు ఒక్కసారే బయటికి వస్తాయి. పక్షి ఒంటి నిండా దట్టమైన ఈకలు, బలమైన ఎముకలు ఉంటాయి కాబట్టి ఒంటి మీద కొడితే చావదు, గాయపడుతుంది. అందుకని తల, మెడ మీదే గురి పెడతారు. మెడ కింద ఈకలు మొదలయ్యే చోట గురి ఉంచితే ఛర్రాల గుత్తి మెడను, తలను రెండింటినీ కప్పుతుంది. మామూలు సీసం ఛర్రాలతో దీనికి హద్దు 40 గజాలని వేటగాళ్లు ఎన్నో ఏళ్లుగా పాటిస్తున్నారు. 40 గజాలంటే 120 అడుగులు.

అంటే లెక్క ఇది: దూరం తక్కువ, గురిపెట్టే చోటు పిడికిలంత, పక్షి నిలబడేది కొన్ని సెకన్లు, వెలుతురు తెల్లవారుజాము మసక. రెడ్ డాట్ అయినా స్కోప్ అయినా ఈ నాలుగింటికి సరిపోవాలి.

మామూలు పూస సరిపోదా?

షాట్‌గన్ గొట్టం చివర చిన్న పూస ఉంటుంది. పావురాలు, బాతుల లాంటి ఎగిరే పక్షులకు అదే చాలు. తాతల కాలం నుంచి టర్కీని కూడా దానితోనే కొట్టారు. అయితే రెండు చిక్కులున్నాయి.

మొదటిది తల ఎత్తడం. పక్షిని బాగా చూడాలన్న తొందరలో వేటగాడు చెంపను తుపాకీ బట్ నుంచి కొంచెం పైకి లేపుతాడు. పూస మాత్రం పక్షి మీదే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ గొట్టం పైకి చూస్తుంటుంది కాబట్టి దెబ్బ పక్షి తల పైనుంచి పోతుంది. టర్కీ వేటలో గురి తప్పడానికి చాలా పాత కారణం ఇది.

రెండోది చోక్. గొట్టం చివర బిగించే ఈ ఇరుకు ముక్క ఛర్రాలు చెదరకుండా గుత్తిగా పోయేలా చేస్తుంది. టర్కీ కోసం చాలా ఇరుకైన చోక్ వాడతారు. దీనివల్ల 40 గజాల్లో మేలు జరుగుతుంది. కానీ 10, 15 గజాల్లో ఆ గుత్తి గుప్పెడంతే ఉంటుంది. దగ్గరికొచ్చిన పక్షిని తప్పడం అందుకే సులువు. పైగా కొన్ని తుపాకుల్లో పూస చూపించే చోటుకు, ఛర్రాలు పడే చోటుకు నాలుగైదు అంగుళాల తేడా ఉంటుంది. పూసను జరపలేం. రెడ్ డాట్‌ను, స్కోప్‌ను మాత్రం స్క్రూ తిప్పి ఛర్రాలు పడే చోటికి తెచ్చుకోవచ్చు. షాట్‌గన్‌కు ఇలాంటి పరికరం పెట్టడానికి అసలు కారణం ఇదే. దూరం చూడటానికి కాదు.

రెడ్ డాట్ ఎలా పనిచేస్తుంది?

రెడ్ డాట్‌లో ఒక చిన్న ఎల్ఈడీ దీపం ఉంటుంది. దాని వెలుగు పూత పూసిన వంపు అద్దం మీద పడి తిరిగి కంటికి వస్తుంది. కంటికి మాత్రం ఎదురుగా, లక్ష్యం మీదే ఎర్ర చుక్క ఉన్నట్టు కనిపిస్తుంది. ఇది లేజర్ కాదు. పక్షి మీద ఏ వెలుగూ పడదు. స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ కంపెనీ 1975లో ఎలక్ట్రానిక్ రెడ్ డాట్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పుడు బొటనవేలంత చిన్నవి కూడా వచ్చాయి.

ఇది దేన్నీ పెద్దదిగా చూపించదు. అదే దీని బలం. రెండు కళ్లూ తెరిచి గురి చూడొచ్చు. పక్షితో పాటు దాని చుట్టూ ఏముందో, వెనక ఏముందో కనిపిస్తూనే ఉంటుంది. కన్ను అద్దానికి ఇంత దూరంలోనే ఉండాలన్న నియమం లేదు. చెట్టుకు ఆనుకుని, మోకాలి మీద తుపాకీ పెట్టుకుని, పక్షి అనుకోని వైపు నుంచి వచ్చినప్పుడు వంకరగా ఒరిగి గురి చూడాల్సి వస్తుంది. అలాంటప్పుడు తల సరిగ్గా కుదరకపోయినా చుక్క కనిపిస్తే, చుక్క ఉన్న చోటే దెబ్బ పడుతుంది. పూసతో వచ్చే ‘తల ఎత్తడం’ సమస్య దీనితో చాలావరకు పోతుంది.

చుక్క సైజును ఎంఓఏ అనే కొలతలో చెబుతారు. 1 ఎంఓఏ అంటే 100 గజాల దూరంలో సుమారు 1 అంగుళం. 40 గజాల్లో 2 ఎంఓఏ చుక్క ముప్పావు అంగుళం కంటే కొంచెం ఎక్కువ చోటును, 3 ఎంఓఏ చుక్క ఒకటింబావు అంగుళాన్ని, 6 ఎంఓఏ చుక్క రెండున్నర అంగుళాలను కప్పుతుంది. చుక్క పెద్దదైతే త్వరగా కంటికి తగులుతుంది, కానీ తలను చాలావరకు కప్పేస్తుంది. టర్కీకి 2 లేదా 3 ఎంఓఏ చుక్క ఎక్కువమందికి కుదురుతుంది.

ఇక లోపాలు. బ్యాటరీ అయిపోతే చుక్క ఉండదు. ఇప్పటి మంచి మోడళ్లు ఒక్క బ్యాటరీతో వేల గంటలు పనిచేస్తాయి. కదలిక తగలగానే వెలిగి, కదలిక లేనప్పుడు ఆరిపోయే ఏర్పాటు కూడా ఉంటుంది. అయినా ప్రతి సీజన్ ముందు కొత్త బ్యాటరీ వేసి, ఇంకొకటి జేబులో పెట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. పైకప్పు లేని ఓపెన్ రకంలో వాన చినుకో, ఆకు ముక్కో దీపం మీద పడితే చుక్క చెదిరిపోతుంది. వానలు ఎక్కువ పడే చోట నాలుగు వైపులా మూసి ఉండే రకం తీసుకోవాలి. మసక వెలుతురులో చుక్క కాంతి ఎక్కువగా ఉంటే దాని వెలుగే కంటికి అడ్డం వస్తుంది. కనీకనిపించేంత వరకు తగ్గించుకోవాలి.

స్కోప్ సంగతి ఏంటి?

స్కోప్ అంటే చిన్న దుర్బిణి లాంటిదే. లోపల ప్లస్ గుర్తు గీతలు ఉంటాయి. లక్ష్యాన్ని దగ్గరగా చూపిస్తుంది. గీతలు అద్దం మీదే చెక్కి ఉంటాయి లేదా సన్నని తీగతో చేసి ఉంటాయి. కాబట్టి బ్యాటరీ లేకపోయినా పనిచేస్తుంది. మంచి అద్దాలున్న స్కోప్ తెల్లవారుజాములో మసకగా ఉన్న చోటును స్పష్టంగా చూపిస్తుంది. వెనకవైపు రింగు తిప్పి గీతలను తమ చూపుకు తగ్గట్టు సరిచేసుకోవచ్చు.

సమస్య దాని శక్తిలోనే ఉంది. 4 రెట్లు చూపించే సాధారణ స్కోప్‌లో 100 గజాల దూరంలో సుమారు 25 నుంచి 30 అడుగుల వెడల్పే కనిపిస్తుంది. అదే లెక్కన 10 గజాల్లో కనిపించేది రెండున్నర, మూడు అడుగులే. పక్షి అంత దగ్గరికి వచ్చి అటూ ఇటూ తిరుగుతుంటే స్కోప్‌లో దాన్ని పట్టుకోవడమే కష్టం. ఒకసారి ఈకలు కనిపిస్తాయి, ఒకసారి గడ్డి, తల ఎటుందో తెలియదు. వెతకడానికి గొట్టం కదిపితే పక్షి చూసేస్తుంది.

రెండో సమస్య కంటి దూరం. స్కోప్‌లో పూర్తి బొమ్మ కనపడాలంటే కన్ను దాదాపు మూడు నాలుగు అంగుళాల దూరంలో, సరిగ్గా మధ్యలో ఉండాలి. వంకరగా కూర్చుంటే చుట్టూ నల్లని నీడ కమ్ముకుంటుంది. 12 గేజ్ షాట్‌గన్‌లో మూడు అంగుళాల టర్కీ తూటా పేలితే తుపాకీ చాలా గట్టిగా వెనక్కి తంతుంది. మామూలు జింక రైఫిల్ కంటే ఈ తన్ను ఎక్కువ. కన్ను స్కోప్‌కు మరీ దగ్గరగా ఉంటే దాని అంచు కనుబొమ్మను కోసేస్తుంది.

మూడోది పారలాక్స్. కన్ను మధ్య నుంచి పక్కకు జరిగితే గీతలు కూడా లక్ష్యం మీద జరిగినట్టు కనిపించడమే పారలాక్స్. రైఫిల్ స్కోపులను సాధారణంగా 100 గజాలకో, అంతకు మించిన దూరానికో సరిచేసి అమ్ముతారు. షాట్‌గన్ కోసం చేసిన స్కోపులను 50 నుంచి 75 గజాలకు సరిచేస్తారు. కాబట్టి స్కోప్ కొంటే ‘షాట్‌గన్ స్కోప్’ అని రాసి ఉన్నదే, శక్తి 1 నుంచి 4 రెట్ల మధ్య మార్చుకునేదే తీసుకోవాలి. అడవిలో దాన్ని కనిష్ఠ శక్తి మీదే ఉంచాలి. ఇంట్లో పడి ఉన్న 3–9 రెట్ల రైఫిల్ స్కోప్‌ను తెచ్చి షాట్‌గన్‌కు బిగించడం తప్పుడు పొదుపు.

స్కోప్ నిజంగా అవసరమయ్యే సందర్భం ఒకటుంది. టెక్సస్ సహా కొన్ని రాష్ట్రాల్లో కొన్ని కౌంటీల్లో టర్కీని రైఫిల్‌తో వేటాడే అనుమతి ఉంది. అక్కడ ఒకే గుండుతో, ఎక్కువ దూరం నుంచి కొట్టాలి కాబట్టి స్కోప్ లేకుండా కుదరదు. కానీ అదే టెక్సస్‌లో ఈస్టర్న్ టర్కీ ఉన్న తూర్పు కౌంటీల్లో రైఫిల్ పనికిరాదు. ఏ కౌంటీలో ఏ ఆయుధం చెల్లుతుందో ఆ ఏడాది నిబంధనల్లో చూసుకోవాలి.

కళ్లజోడు పెట్టుకునేవారు ఏం చూడాలి?

నలభై దాటినవారికి దగ్గరి చూపు మందగిస్తుంది. పూసను చూస్తే పక్షి మసకబారుతుంది, పక్షిని చూస్తే పూస మసకబారుతుంది. రెడ్ డాట్‌లో చుక్క, పక్షి రెండూ ఒకే దూరంలో ఉన్నట్టు కనిపిస్తాయి కాబట్టి ఈ ఇబ్బంది ఉండదు.

అయితే ఆస్టిగ్మాటిజం ఉన్నవారికి కథ వేరు. కంటి పొర వంపులో తేడా వల్ల వచ్చే ఈ లోపం చాలామందిలో ఉంటుంది. వారికి గుండ్రని చుక్క తోకచుక్కలా, పువ్వులా, రెండు మూడు చుక్కలు అతుక్కున్నట్టు కనిపిస్తుంది. షాపులోనే చిన్న పరీక్ష చేసుకోవచ్చు. రెడ్ డాట్ అద్దంలోంచి ఫోన్ కెమెరాతో ఫొటో తీయాలి. ఫొటోలో చుక్క గుండ్రంగా ఉండి కంటికి మాత్రం చెదిరి కనిపిస్తే లోపం పరికరంలో లేదు, కంటిలో ఉంది. ముందు డాక్టరు ఇచ్చిన కళ్లజోడు పెట్టుకుని, కాంతి తగ్గించి చూడాలి. అప్పటికీ చెదిరితే అలాంటివారికి అద్దం మీద గీతలు చెక్కిన తక్కువ శక్తి స్కోపో, ప్రిజం సైట్ అనే చిన్న పరికరమో మేలు. ప్రిజం సైట్ కూడా 1 రెట్టుతో దొరుకుతుంది. రెండు కళ్లూ తెరిచి చూడొచ్చు, బ్యాటరీ పోయినా గీతలు కనిపిస్తాయి. స్కోప్‌లాగే దీనికీ కంటి దూరం కుదరాలన్నది గుర్తుంచుకోవాలి.

గురి కంటే ముందు గుర్తింపు

టర్కీ వేటలో ఇద్దరు వేటగాళ్లు ఒకరికొకరు కనిపించరు. ఇద్దరూ ఆకుల రంగు బట్టల్లో, ఇద్దరూ టర్కీలాగే కూస్తూ ఉంటారు. ఒకరి కూతను నిజమైన పక్షి అనుకుని మరొకరు పొదల మాటున పాకుతూ వస్తే ప్రమాదమే. మగ టర్కీ తల ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉంటుంది. కాబట్టి ఆ మూడు రంగుల టోపీ, రుమాలు, సాక్సు ఏదీ వేటలో బయటికి కనిపించకూడదని హంటర్ ఎడ్యుకేషన్ తరగతుల్లో మొదటే చెబుతారు. తెల్ల టోపీ అలవాటున్నవారు దాన్ని కారులోనే వదిలిపెట్టాలి.

స్కోప్ ఉంటే అల్లంత దూరంలో కదిలేదేంటో దానితోనే చూడాలనిపిస్తుంది. అంటే ఏంటో తెలియని దాని వైపు తుపాకీ ఎత్తినట్టే. అది మనిషి కావచ్చు. చూడటానికి మెడలో బైనాక్యులర్ ఉండాలి. గడ్డంలా వేలాడే ఈకల కుచ్చు, తల రంగు, మగదా ఆడదా అన్నది దానితోనే తేల్చుకోవాలి. ఆ తర్వాతే తుపాకీ వైపు చెయ్యి పోవాలి. రెడ్ డాట్‌తో చుట్టుపక్కల కనిపించడం ఇక్కడ పెద్ద మేలు. కానీ వెనక ఎవరున్నారో చూసుకునే బాధ్యతను ఏ పరికరమూ తీసుకోదు.

బిగించడం, సరిచేయడం

ఎంత ఖరీదైనదైనా పెట్టెలోంచి తీసి బిగించుకుని నేరుగా అడవికి పోతే పూస కంటే అధ్వాన్నం. పని ఇలా చేసుకోవాలి.

- బిగింపు: కొత్త టర్కీ షాట్‌గన్లలో కొన్నింటికి రెడ్ డాట్ కూర్చునే గుంట ముందే ఉంటుంది. ఏ మోడల్ అందులో కూర్చుంటుందో కొనేముందే సరిచూసుకోవాలి. లేకపోతే పైన రైలు బిగించాలి. ఎంత కిందికి ఉంటే చెంప అంత బాగా ఆనుతుంది. స్క్రూలకు ఊడిరాకుండా పట్టే నీలిరంగు జిగురు వేసి, తయారీదారు చెప్పినంత బిగువు మాత్రమే ఇవ్వాలి. షాట్‌గన్ తన్నుకు వదులు స్క్రూ రెండు మూడు దెబ్బల్లోనే జారుతుంది.

- మొదటి కాల్పులు: అనుమతి ఉన్న షూటింగ్ రేంజ్‌లో పెద్ద కాగితం పెట్టి, బల్ల మీద తుపాకీ ఆనించి, 20 గజాల్లో తేలికైన చవక తూటాతో మొదలుపెట్టాలి. భుజం నొప్పి పుట్టదు, డబ్బూ మిగులుతుంది.

- అసలు తూటాతో: తర్వాత వేటలో వాడబోయే తూటా, వాడబోయే చోక్‌తోనే 40 గజాల్లో కాల్చాలి. తూటా మార్చినా, చోక్ మార్చినా మళ్లీ మొదటికి రావాలి. ఒక్కో రంధ్రాన్ని కాదు, ఛర్రాలు దట్టంగా పడ్డ చోటు నడిమధ్యను చూడాలి.

- స్క్రూ తిప్పడం: ఉదాహరణకు 40 గజాల్లో గుత్తి 5 అంగుళాలు ఎడమకు పడింది అనుకుందాం. ఆ దూరంలో 1 ఎంఓఏ అంటే సుమారు 0.42 అంగుళం. ఒక్కో క్లిక్‌కు 1 ఎంఓఏ జరిగే రెడ్ డాట్‌లో 12 క్లిక్‌లు కుడికి తిప్పాలి. ఒక్కో క్లిక్‌కు పావు ఎంఓఏ జరిగే స్కోప్‌లో 48 క్లిక్‌లు పడతాయి.

- హద్దు తేల్చుకోవడం: గుత్తి మధ్యలో 10 అంగుళాల వృత్తం గీసి ఛర్రాలు లెక్కపెట్టాలి. అందులో కనీసం 100 పడాలన్నది వేటగాళ్లు పాటించే పాత కొలత. 40 గజాల్లో అన్ని పడకపోతే 35, 30 గజాల్లో చూడాలి. ఎక్కడ పడితే అదే ఆ తుపాకీకి హద్దు. 10 గజాల్లో కూడా ఒకసారి కాల్చి గుత్తి ఎంత చిన్నదో కళ్లారా చూడాలి.

ఇప్పుడు టంగ్‌స్టన్ ఛర్రాల తూటాలు వచ్చాయి. టీఎస్ఎస్ అని పిలిచే వీటి సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 18 గ్రాములు, సీసానిది సుమారు 11. అందుకే చిన్న ఛర్రా కూడా లోతుకు దిగుతుంది. 20 గేజ్, 410 లాంటి చిన్న తుపాకులు కూడా టర్కీకి పనికొస్తున్నది వీటివల్లే. ధర మాత్రం బాగా ఎక్కువ. ఇవి ఉన్నాయి కదా అని, పైన స్కోప్ కూడా ఉంది కదా అని 60, 70 గజాల్లో కొట్టాలనుకోవడం పొరపాటు. స్కోప్ పక్షిని దగ్గరగా చూపిస్తుంది, ఛర్రాలను దగ్గరికి చేర్చదు.

హలాల్ విషయంలో ముందే అడిగి తెలుసుకోవాలి

టర్కీ కోడి హలాల్ పక్షే. ప్రశ్న వేట పద్ధతిలో వస్తుంది. కాల్చేముందు బిస్మిల్లా చెప్పాలన్నది, పక్షి ప్రాణంతో దొరికితే వెంటనే జబహ్ చేయాలన్నది తెలిసిందే. ఛర్రాల దెబ్బకే చనిపోయిన పక్షి విషయంలో మాత్రం ఉలమాల్లో రెండు అభిప్రాయాలున్నాయి. గుండు, ఛర్రా కోయదు, దెబ్బ వేగంతో చంపుతుంది కాబట్టి జబహ్‌కు ముందే చనిపోతే తినకూడదని మన ఉపఖండంలోని హనఫీ ఉలమా చాలామంది చెబుతారు. అది చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది కాబట్టి బిస్మిల్లాతో కాల్చితే చెల్లుతుందని చెప్పేవారూ ఉన్నారు.

టర్కీ వేటలో సరిగ్గా తగిలిన పక్షి చాలాసార్లు అక్కడికక్కడే చనిపోతుంది. కాబట్టి ఈ విషయం వేటకు వెళ్లాక ఆలోచించేది కాదు, లైసెన్స్ కొనకముందే తాము అనుసరించే ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవాల్సింది. జబహ్‌కు ప్రాణంతో దొరకాలని కావాలని ఒంటి మీద కొట్టడం మాత్రం ఏ విధంగానూ సరికాదు. అలా కొట్టిన పక్షి చాలాసార్లు చేతికి దొరకదు, గాయంతో ఎగిరిపోయి బాధపడుతుంది. ప్రాణిని హింసించకుండా పని ముగించాలన్న నియమం రెండు అభిప్రాయాల వారికీ ఒకటే.

వీసాపై ఉన్నవారికి ముఖ్య గమనిక

రెడ్ డాట్, స్కోప్ ఆన్‌లైన్‌లో ఎవరైనా ఆర్డర్ చేయొచ్చు. తుపాకీ అలా కాదు. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వలసేతర వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెబుతుంది. దీనికున్న మినహాయింపుల్లో ఒకటి, అక్కడి ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని హంటింగ్ లైసెన్స్ ఉండటం. స్నేహితుడి తుపాకీని రేంజ్‌లో కాసేపు పట్టుకోవడం కూడా దగ్గర ఉంచుకున్నట్టే లెక్కకు రావచ్చు. తుపాకీ కేసు పడితే వీసాకే ముప్పు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. రాష్ట్ర చట్టాలు వేరుగా ఉంటాయి కాబట్టి ముందుగా అటార్నీని అడగటం క్షేమం.

ఇంకో మాట. తుపాకీ మీద పెట్టే స్కోపులు, రెడ్ డాట్లు అమెరికా ఎగుమతి నియంత్రణల కిందికి వస్తాయి. సెలవులకు హైదరాబాద్‌కో, విజయవాడకో వచ్చేటప్పుడు బంధువుల కోసం సూట్‌కేసులో పెట్టుకుని రాకూడదు. మన దేశంలో అడవి పక్షుల వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమన్నది కూడా మరవకూడదు.

చివరికి ఎవరికి ఏది?

షాట్‌గన్‌తో, 40 గజాల లోపు, చెట్టుకు ఆనుకుని వేటాడే ఎక్కువమందికి రెడ్ డాటే సరైనది. కొత్తగా నేర్చుకునేవారికి, యూత్ సీజన్‌లో పెద్దల పక్కన కూర్చుని చిన్న తుపాకీ పట్టే పిల్లలకు కూడా ఇదే సులువు: చుక్కను మెడ మీద పెట్టడమే నేర్పాలి. చూపు మందగించిన పెద్దలకూ ఇదే హాయి.

ఆస్టిగ్మాటిజం వల్ల చుక్క చెదిరేవారు, బ్యాటరీని నమ్మలేనివారు ప్రిజం సైట్ లేదా 1–4 రెట్ల షాట్‌గన్ స్కోప్ తీసుకోవాలి. అనుమతి ఉన్నచోట రైఫిల్‌తో వేటాడేవారికి స్కోప్ తప్పదు. పాత పూసతోనే ఏళ్లుగా గురి తప్పకుండా కొడుతున్నవారు, కాగితం మీద దెబ్బ మధ్యలోనే పడుతుంటే కొత్తది కొనాల్సిన పనే లేదు.

రెండింటి ధరలూ 100 డాలర్ల లోపు నుంచి 400, 500 డాలర్ల దాకా, ఆపైనా ఉన్నాయి. బడ్జెట్ తక్కువైతే అందులో కొంత తూటాలకు, రేంజ్ ఫీజుకు పక్కన పెట్టాలి. ఖరీదైన అద్దం పెట్టి సరిచేయని తుపాకీ కంటే, మామూలు రెడ్ డాట్ పెట్టి కాగితం మీద పదిసార్లు పరీక్షించిన తుపాకీ పక్షికీ, పక్కన ఉన్న మనిషికీ, కాల్చేవారికీ మేలు.